కొన్న చిత్రానికి సరిహద్దులు

లండనులో ఒక గ్రంథాన్ని కొన్నవాడు దానిని బెజవాడకు తెచ్చుకొని చదువుకోవచ్చును. ఆ గ్రంథం ఏ దేశంలో అచ్చయినదని అతని కళ్ళజోడు అడగదు. పారిసులో కొన్న చిత్రపటం హైదరాబాదులోని గోడకు వ్రేలాడనని మొరాయించదు. గ్రామఫోను కాలంలో సైతం, ఏ దేశంలో తయారైన రికార్డు అయినా ముల్లు పెట్టి త్రిప్పగానే ఏ దేశంలోనైనా పాడినది. వెల ఇచ్చి కొన్న కళాఖండాన్ని కొన్నవాడు తన యింట, తన తీరికవేళ, తన యిష్టం వచ్చినన్నిసార్లు అనుభవించవచ్చుననేది చర్చకు తావు లేకుండా లోకం అంగీకరించిన సూత్రం. చలనచిత్రం డిస్కు రూపం ధరించి ఇల్లు చేరిన తరువాతనే ఈ సూత్రానికి భంగం కలిగినది. న్యూయార్కులో న్యాయంగా కొన్న డిస్కును, హైదరాబాదులో న్యాయంగా కొన్న ప్లేయరులో పెడితే, బొమ్మకు బదులు, ఈ డిస్కు ఈ ప్రాంతానికి ఉద్దేశించినది కాదన్న హెచ్చరిక తెర మీద నిలుస్తుంది. డిస్కులో లోపం లేదు; ప్లేయరులో లోపం లేదు. రెండింటి నడుమ ఒక సరిహద్దు మాత్రం ఉన్నది.

ఈ సరిహద్దును లెక్కచేయక అన్ని దేశాల డిస్కులనూ ఆడించే యంత్రాన్ని ‘రీజియన్ ఫ్రీ’ ప్లేయరు అంటున్నారు. ఇంటిలో చిత్రాలను సేకరించి దాచుకొనేవారికి ఇట్టి ప్లేయరు అవసరమా అని అడిగితే రెండు విధాల సమాధానాలు వినబడతవి. అది వట్టి ఆడంబరమని, డబ్బు ఎక్కువైనవారి వేడుక అని ఒక పక్షం. అది లేనివాడు సంగ్రాహకుడే కాడని మరొక పక్షం. రెండింటిలోనూ అతిశయోక్తి ఉన్నది. సత్యం తెలియాలంటే, ముందు ఈ సరిహద్దు ఎట్లు ఏర్పడినదో, ఎవరి మేలు కొరకు ఏర్పడినదో, ఆ మేలు ఈనాడు ఎంత మిగిలి ఉన్నదో విచారించాలి.

డీవీడీ 1996 నవంబరులో జపానులోను, 1997లో అమెరికాలోను అంగడికి వచ్చినది. అంతకుముందున్న వీడియో టేపులకు దేశానికొక ప్రసార పద్ధతి అనే చిక్కు ఉండేదే కాని, కావాలని వేసిన తాళం లేదు. హాలీవుడ్ నిర్మాణ సంస్థలు ఈ కొత్త వస్తువుకు పట్టుబట్టి ఆ తాళం వేయించినవి. వ్యాపారం కొరకు ప్రపంచం ఆరు మండలాలుగా విభజింపబడినది. అమెరికా సంయుక్త రాష్ట్రాలు, కెనడా మొదటి మండలం. పశ్చిమ ఐరోపా, జపాను, మధ్యప్రాచ్యం, దక్షిణాఫ్రికా రెండవది. ఆగ్నేయాసియా, దక్షిణ కొరియా, హాంకాంగ్ మూడవది. ఆస్ట్రేలియా, న్యూజీలాండు, లాటిన్ అమెరికా నాలుగవది. భారతదేశం, పాకిస్తాన్, రష్యా, ఆఫ్రికాలో అధికభాగం అయిదవది. చైనా ఒక్కటే ఆరవది. ఏడవ అంకెను భావికాలానికని అట్టిపెట్టి, ఎనిమిదవ అంకెను విమానాలకు, ఓడలకు కేటాయించినారు. 2006లో వచ్చిన బ్లూ రే డిస్కు నాటికి ఈ పటాన్ని కొంత కుదించి మూడు మండలాలు చేసినారు. అమెరికా ఖండాలు, జపాను, కొరియా, ఆగ్నేయాసియా ‘ఎ’ మండలం. ఐరోపా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా ‘బి’ మండలం. భారతదేశం, చైనా, రష్యా ‘సి’ మండలం.

పాఠశాలలో భూగోళం చదివే బాలుడు ఈ పటాన్ని చూస్తే తికమకపడక తప్పదు. డీవీడీ పటంలో లండనుకు టోక్యో ఇరుగు. టోక్యోకు సియోలు పరదేశం. బ్లూ రే పటంలో న్యూయార్కుకు టోక్యో ఇరుగు, లండను పరదేశం. నదులకు, కొండలకు, భాషలకు, సంస్కృతులకు ఇందులో స్థానం లేదు. ఏ దేశంలో ఏ చిత్రాన్ని ఎప్పుడు, ఎంతకు అమ్మాలనే లెక్కల ప్రకారం గీసిన గీతలు ఇవి. ఇక తాళం పనిచేసే విధానం చాలా సులభం. ఏ మండలాలలో ఆడవచ్చునో డిస్కు మీద నమోదై ఉంటుంది. ప్లేయరు లోపల దాని మండలం అంకె ఉంటుంది. రెండూ కలిస్తే బొమ్మ వస్తుంది, కలవకపోతే రాదు. బొమ్మలో గాని, ధ్వనిలో గాని దీనివలన వచ్చే మార్పు ఏదీ లేదు. చూడనిచ్చుట, చూడనివ్వకపోవుట అనే ఒక్క పనికే ఈ సంకేతం ఏర్పడినది.

తాళం వేసినవారి వాదాన్ని కూడ న్యాయంగా వినాలి. ఆనాడు ఒక చిత్రం అన్ని దేశాలలో ఒకేసారి విడుదల అయ్యేది కాదు. ‘స్టార్ వార్స్’ పరంపరలోని ‘ది ఫాంటమ్ మెనేస్’ 1999 మే నెలలో అమెరికాలో విడుదలై, బ్రిటనుకు జూలైలో గాని చేరలేదు. కొన్ని చిత్రాలకు ఈ వ్యవధి ఇంకా ఎక్కువ. ఒక దేశంలో డిస్కు అమ్మకానికి వచ్చే వేళకు మరొక దేశంలో చిత్రం ఇంకా థియేటరుకే రాకపోవచ్చును. ఆ డిస్కు సముద్రం దాటి వస్తే అక్కడి థియేటరు యజమాని, పంపిణీదారు నష్టపోతారు. అదిగాక, బీద దేశంలో తక్కువ ధరకు అమ్మిన డిస్కును వర్తకులు మూటలు కట్టి ధనిక దేశానికి తరలిస్తే, రేపటినుంచి బీద దేశంలో ఎవరూ తక్కువ ధరకు అమ్మరు. పైగా ఒక చిత్రానికి వేర్వేరు దేశాలలో వేర్వేరు హక్కుదారులు ఉంటారు; ఒకరి పొలంలోకి మరొకరు రాకుండ కంచె ఉండాలి కదా! ఈ మాటలలో కొంత సత్యం లేకపోలేదు.

ఐతే పాతికేళ్ళు గడచినవి. ఆనాటి కారణాలు ఈనాడు ఏమైనవి? ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ 2019 ఏప్రిల్ 26న అమెరికాలో విడుదలైన రోజుననే భారతదేశంలోనూ విడుదలైనది, తెలుగు డబ్బింగుతో సహా. అమెరికా ప్రేక్షకుని తరువాత తెలుగు ప్రేక్షకుడు నెలల తరబడి ఎదురుచూచే కాలం పోయినది. థియేటరును కాపాడుట అనే మొదటి కారణం ఆ విధంగా చాలవరకు కాలగర్భంలో కలిసినది. అరవై, డెబ్బది ఏండ్ల క్రిందటి పాత చిత్రాల విషయంలో ఆ కారణం మొదటినుండీ లేనే లేదు. 1955 నాటి చిత్రం డిస్కు సముద్రం దాటి వస్తే ఏ థియేటరు మూతపడుతుంది? అయినను పాత చిత్రాల డిస్కులకు సైతం ఈనాటికీ తాళాలు పడుతూనే ఉన్నవి.

ఈ తాళం ఎవరిని ఆపుతున్నదని ఆలోచిస్తే మరొక చిత్రమైన సంగతి బయటపడుతుంది. దొంగ ప్రతులు తయారుచేసేవాడు సంకేతాన్ని తొలగించి మరీ అమ్ముతాడు. అతని డిస్కు ఏ యంత్రంలోనైనా ఆడుతుంది. డబ్బు చెల్లించి, సుంకం కట్టి, అసలైన డిస్కును తెప్పించుకొన్నవాడికే ఆటంకం. 2009 మార్చిలో బ్రిటన్ ప్రధాని గార్డన్ బ్రౌన్ అమెరికాకు వెళ్ళినప్పుడు, అధ్యక్షుడు ఒబామా ఆయనకు 25 సుప్రసిద్ధ అమెరికన్ చిత్రాల డీవీడీలను కానుకగా ఇచ్చినారు. ఆ డిస్కులు బ్రిటనులోని ప్లేయరులో ఆడలేదని అక్కడి పత్రికలు హాస్యంగా వ్రాసినవి. ఒక దేశాధిపతి మరొక దేశ ప్రధానికి ఇచ్చిన కానుకనే ఆపిన తాళం సామాన్యుని లెక్కచేస్తుందా? దొంగను వదలి దొరను పట్టుకొనే కావలిని చూస్తే కంచె చేను మేయుట అంటే ఏమిటో తెలుస్తుంది.

ఇక అసలు ప్రశ్న. ఇంటిలో చిత్రాలు దాచుకొనే ప్రతివారికీ ఈ ప్లేయరు అవసరమా? కాదు. ఈ మాట మొదట స్పష్టంగా చెప్పాలి. తెలుగు చిత్రాలను, హిందీ చిత్రాలను మాత్రమే సేకరించేవారికి దీనితో పని చాలా తక్కువ. ఒకనాడు ఇంటింటా ఉన్న వీసీడీకి మండల సంకేతం అనేదే లేదు. భారతీయ చిత్రాల డీవీడీలను కూడ ప్రచురణకర్తలు చాలవరకు సంకేతం లేకుండానే విడుదల చేసినారు. డల్లాసులో ఉన్న తెలుగు కుటుంబమూ, దుబాయిలో ఉన్న తెలుగు కుటుంబమూ, గుంటూరులో ఉన్న కుటుంబమూ ఒకే డిస్కును కొనాలనే వ్యాపార దృష్టి అందుకు కారణం. మోజర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మి, ఇంటి అలమరలను డిస్కులతో నింపిన రోజులు చాలమందికి జ్ఞాపకం ఉండే ఉంటవి. ఆ అలమర అంతటికీ మామూలు ప్లేయరు చాలును. అట్లే, హాలీవుడ్‌లో సైతం వార్నర్ వంటి సంస్థలు తమ బ్లూ రే డిస్కులను అనేకం సంకేతం లేకుండా విడుదల చేసినవి. కొత్త ఆంగ్ల చిత్రాలను అప్పుడప్పుడు కొనుక్కొనేవారు డిస్కు పెట్టె వెనుక ముద్రించిన గుర్తును చూచి కొంటే చాలును. ఎ, బి, సి అనే మూడు అక్షరాలూ దాని మీద ఉంటే నిశ్చింతగా కొనవచ్చును. పొరుగువాని యింట ఉన్నదని యంత్రాన్ని కొనుట సంగ్రాహక లక్షణం కాదు.

మరి ఎవరికి అవసరం? చలనచిత్రాన్ని ఒక పూట కాలక్షేపంగా గాక ఒక వాఙ్మయంగా భావించి, దేశదేశాల ఉత్తమ చిత్రాలను మంచి ప్రతులలో చూడగోరేవారికి అవసరం. భారతదేశంలో ఉన్నవారికి ఈ అవసరం మరింత ఎక్కువ. కారణం ఏమనగా, పాత చిత్రాలను శ్రద్ధతో పునరుద్ధరించి, వ్యాఖ్యానాలతో, వ్యాసాలతో డిస్కులుగా ప్రచురించే సంస్థలలో ముఖ్యమైనవి ‘ఎ’ మండలంలోను, ‘బి’ మండలంలోను ఉన్నవి. అమెరికాలోని క్రైటీరియన్ సంస్థ తన అమెరికా బ్లూ రే డిస్కులకు ‘ఎ’ తాళం వేస్తున్నది. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూటు, యురేకా వంటి బ్రిటన్ ప్రచురణకర్తలు చాలవరకు ‘బి’ తాళం వేస్తున్నారు. భారతదేశం చేరిన ‘సి’ మండలంలో ఇట్టి ప్రచురణ దాదాపు లేదు. అంటే ఇక్కడి సంగ్రాహకుడు గ్రంథాలయం లేని ఊరిలో నివసిస్తూ, పొరుగూరి గ్రంథాలయాల నుండి పుస్తకాలు తెచ్చుకొనేవాడి వంటివాడు. తెచ్చుకొన్న పుస్తకం ఊరి పొలిమేర దాటగానే తెరుచుకోనంటే అతని గతి ఏమిటి?

ఇది ఊహకల్పన కాదు. సత్యజిత్ రాయ్ అపు చిత్రత్రయం కథను చూడవచ్చును. ‘పథేర్ పాంచాలీ’ 1955లో, ‘అపరాజితో’ 1956లో, ‘అపుర్ సంసార్’ 1959లో వెలువడినవి. 1992లో రాయ్‌కి గౌరవ ఆస్కార్ ప్రదానం జరిగిన తరువాత, ఆయన చిత్రాలను భద్రపరచే యత్నంలో మూల నెగెటివులు లండనులోని ఒక లేబరేటరీకి చేరినవి. 1993లో ఆ లేబరేటరీ అగ్నికి ఆహుతి కాగా, నెగెటివులు కాలి, కమిలి, ముద్దకట్టి పోయినవి. ఆ శిథిలాలను పారవేయక అకాడమీ ఫిల్మ్ ఆర్కైవ్ వారు దాచి ఉంచినారు. రెండు దశాబ్దాల తరువాత క్రైటీరియన్, అకాడమీ ఆర్కైవ్ కలిసి, ఇటలీలో బొలోన్యా నగరంలోని ‘ఇమ్మాజినే రిత్రోవాతా’ కర్మశాలలో ఆ ఫిల్ము చుట్టలను రసాయనాలతో మెత్తపరచి, అంగుళం అంగుళంగా విడదీసి, బాగుచేయించినారు. ‘పథేర్ పాంచాలీ’లో దాదాపు 40 శాతం, ‘అపరాజితో’లో 60 శాతానికి పైగా ఆ కాలిన మూల నెగెటివుల నుండే తిరిగి సంపాదింపబడినది. మిగిలినది ఇతర ప్రతుల నుండి పూరింపబడినది. 2015లో ఈ చిత్రత్రయం డిస్కులుగా వెలువడినది; ‘ఎ’ మండలం తాళంతో.

బెంగాలు పల్లెలో, భారతీయ దర్శకుడు, భారతీయ నటులతో, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో పూర్తిచేసిన ‘పథేర్ పాంచాలీ’ యొక్క ఆ ప్రతిని భారతదేశంలో కొన్న మామూలు ప్లేయరు చూపించదు. ఉదయశంకర్ నాట్యప్రతిభకు ఏకైక చలనచిత్ర సాక్ష్యమని చెప్పదగిన ‘కల్పన’ 1948 నాటిది. చెన్నపట్నంలోని జెమినీ స్టూడియోలో తీయబడినది. పునరుద్ధరణ పొందిన ఆ చిత్రాన్ని క్రైటీరియన్ సంస్థ 2022లో తన ప్రపంచ చలనచిత్ర సంపుటాలలో ఒకదానిలో చేర్చి ప్రచురించినది. చెన్నపట్నంలో పుట్టిన చిత్రం చెన్నపట్నంలోని ప్లేయరుకు పరదేశి అయినది. ఋత్విక్ ఘటక్ ‘తితాస్ ఏక్‌టి నదీర్ నామ్’ 2013లో అదే పరంపర మొదటి సంపుటంలో వెలువడినది. దాని గతీ అంతే. ఇక్కడ వేడుకల ప్రసక్తి లేదు. తన దేశపు కళను దాని మేలైన రూపంలో చూచే అవకాశం ఒక మనిషికి ఉన్నదా, లేదా అనేదే ప్రశ్న. ఇట్టివారికి రీజియన్ ఫ్రీ ప్లేయరు అలమర మీద అలంకారం కాదు. ఆ అలమరకు తాళంచెవి.

విదేశాలలో కొంతకాలం నివసించి స్వదేశానికి తిరిగివచ్చే తెలుగువారిది మరొక సమస్య. పది, పదిహేనేండ్లు అమెరికాలో ఉండి, పిల్లల కొరకు, తమ కొరకు కొన్న డిస్కుల పెట్టెలు మోసుకొని వచ్చి, ఇక్కడి ప్లేయరులో ఒక్కటీ ఆడక విస్తుపోయినవారు ఉన్నారు. కంప్యూటరులో పెట్టి చూద్దామంటే అక్కడా ఒక నిబంధన ఉన్నది. 2000 సంవత్సరం నుండి తయారైన కంప్యూటరు డీవీడీ డ్రైవులలో మండలం అంకెను మార్చుకొనే అవకాశం అయిదుసార్లు మాత్రమే. అయిదవసారి ఎక్కడ ఆగితే అక్కడే స్థిరం. దేశాలు మారే మనుష్యుల జీవితం అయిదు మార్పులతో ముగుస్తుందని ఏ లెక్కన నిర్ణయించినారో!

ఈ సందర్భంలో ఒక భ్రమను తొలగించాలి. మండల సంకేతం వేరు, పాల్, ఎన్‌టీఎస్‌సీ అనే టెలివిజన్ పద్ధతుల భేదం వేరు. చాలమంది ఈ రెండింటినీ ఒకటిగా భావించి మోసపోతున్నారు. భారతదేశం, ఐరోపాలో అధికభాగం పాల్ పద్ధతివి. అమెరికా, జపాను ఎన్‌టీఎస్‌సీ పద్ధతివి. మండల సంకేతం లేని డీవీడీ అయినా పద్ధతి కలవకపోతే బొమ్మ రాకపోవచ్చును. భారతదేశంలో అమ్మే ప్లేయర్లు, టెలివిజన్లు చాలవరకు రెండు పద్ధతులనూ అంగీకరిస్తవి; అమెరికాలోని యంత్రాలు చాలవరకు పాల్‌ను అంగీకరించవు. కనుక ఇండియా నుండి ఐరోపా డీవీడీలు తెప్పించుకొనే అమెరికా తెలుగువారు, పద్ధతిని మార్చి చూపే ప్లేయరు అవునో కాదో అడిగి కొనాలి. ఇందులో సంగీతప్రియులకు మరొక సంగతి ఉన్నది. సినిమా సెకనుకు 24 బొమ్మల వేగంతో తీయబడుతుంది. పాల్ డీవీడీలో అది సెకనుకు 25 బొమ్మల వేగంతో నడుస్తుంది. రెండు గంటల చిత్రం దాదాపు అయిదు నిమిషాల ముందుగా ముగుస్తుంది. ధ్వనిని ప్రత్యేకంగా సరిదిద్దకపోతే శ్రుతి కూడ అర్ధస్వరానికి కొంచెం తక్కువగా పైకి పోతుంది. పాట తెలిసిన చెవికి ఆ తేడా వినబడుతుంది. ఒకే చిత్రానికి రెండు మండలాల డిస్కులు ఉన్నప్పుడు, సరియైన శ్రుతిలో ఉన్నదానిని ఎన్నుకొనే స్వేచ్ఛ అన్ని మండలాల ప్లేయరు ఉన్నవానికే ఉంటుంది.

ఇట్టి ప్లేయరును వాడుట చట్టవిరుద్ధమేమో అని శంకించేవారు లేకపోలేదు. భారతదేశపు 1957 నాటి కాపీరైటు చట్టం, 51వ సెక్షనులో, దిగుమతి చేసుకొనేవాడు తన సొంత గృహోపయోగం కొరకు ఒక కృతి ప్రతిని ఒకదానిని తెచ్చుకొనుటకు మినహాయింపు ఇచ్చినది. విదేశాలనుండి తెచ్చిన డీవీడీలను అద్దెకు ఇచ్చే వ్యాపారాన్ని 2009లో ఢిల్లీ హైకోర్టు నిషేధించినది. కాని అది వ్యాపారం సంగతి, ఇంటిలో చూచుకొనేవాని సంగతి కాదు. 2012లో ఈ చట్టానికి చేర్చిన 65-ఎ సెక్షను సాంకేతిక రక్షణలను ఛేదించుటను నేరంగా పేర్కొన్నది. ఐతే కాపీరైటు హక్కులకు భంగం కలిగించే ఉద్దేశంతో ఛేదించినప్పుడే. కొన్న డిస్కును కొన్నవాడు తన ఇంట చూచుకొనుట ఏ హక్కుకు భంగం? న్యూజీలాండు 2008లో సవరించిన తన చట్టంలో ఇంకా సూటిగా చెప్పినది: న్యాయమైన ప్రతిని తమ దేశంలో చూడకుండా ఆపి, అంగడిని దేశాలవారీగా విడగొట్టేందుకు మాత్రమే పనికివచ్చే తాళాన్ని చట్టం రక్షించదు. భారతదేశంలో చట్టం ఇంట్లోకి రానిచ్చిన డిస్కును యంత్రం గుమ్మంలో ఆపుతున్నది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్న సామెత ఇందుకు సరిగా అతుకుతుంది.

డిస్కుల కాలమే గతించినది, ఇంటర్నెట్టులో ఏ చిత్రం కావాలంటే ఆ చిత్రం చూడవచ్చును కదా అని మరికొందరి ఆక్షేపణ. ఈ ఆక్షేపణలో బలం ఉన్నట్లు కనబడుతుంది. అమెరికాలో నెట్‌ఫ్లిక్స్ సంస్థ తపాలాలో డిస్కులు పంపే తన పాత వ్యాపారాన్ని 2023 సెప్టెంబరులో ముగించినది. కాని ఇంటర్నెట్టు చిత్రాలకు సరిహద్దులు లేవని ఎవరన్నారు? అక్కడ కూడ ఏ చిత్రం ఏ దేశంలో కనబడాలో ఒప్పందాలే నిర్ణయిస్తున్నవి. న్యూయార్కులో కనబడే చిత్రం హైదరాబాదులో కనబడదు. ఈ నెల కనబడినది వచ్చే నెల మాయమవుతుంది. అక్కడ సరిహద్దు అలమరలోని యంత్రం నుండి తొలగి ఆకాశంలోకి ఎగబ్రాకినది, అంతే తేడా. డిస్కుకు వేసిన తాళాన్ని ఇంటిలోని ఒక యంత్రంతో తీయవచ్చును. అద్దెకు తీసుకొన్న దృశ్యానికి వేసిన తాళం ప్రేక్షకుని చేతిలో లేదు. దాచుకొనుట అనే పదానికి అర్థం డిస్కుతోనే ఇంకా మిగిలి ఉన్నది.

ఐతే కాలం సంగ్రాహకుని కొరకు ఆగదు. మేలైన ప్లేయర్లకు పేరుపొందిన ఒప్పో సంస్థ 2018లో వాటి తయారీని విరమించినది. 2019లో శామ్‌సంగ్ అమెరికా విపణికి కొత్త బ్లూ రే ప్లేయర్లను తేవడం మానివేసినది. యంత్రాలు చేసేవారు తగ్గేకొద్దీ వాటిని అన్ని మండలాలకూ అనువుగా మార్చి అమ్మేవారు కూడ తగ్గుతారు. కనుక నిజంగా అవసరం ఉన్నవారు వాయిదా వేయుట వివేకం కాదు. కొనేటప్పుడు కొన్ని జాగ్రత్తలు ఉన్నవి. ‘రీజియన్ ఫ్రీ’ అని పెద్ద అక్షరాలతో అమ్మేవాటిలో కొన్ని డీవీడీలకు మాత్రమే స్వేచ్ఛ ఇచ్చి, బ్లూ రే తాళాన్ని అట్లే ఉంచుతవి. రెండింటినీ విడివిడిగా అడగాలి. కొన్ని డీవీడీలు ప్లేయరు మండలాన్ని ఎదురు ప్రశ్నించి, అన్ని మండలాలూ నావే అనే యంత్రాన్ని తిరస్కరిస్తవి. అట్టివాటికి అంకెను చేతితో మార్చుకొనే వీలున్న యంత్రం కావాలి. అమెరికాలో కొన్నది 120 వోల్టుల యంత్రమైతే ఇక్కడి 230 వోల్టుల కరెంటుకు కాలిపోతుంది. తాళం తీయించిన యంత్రానికి తయారీదారు హామీ వర్తించకపోవచ్చును. మార్చి అమ్మేవారే హామీ ఇస్తున్నారా అని చూచుకోవాలి.

తాళం అనవసరమని దానిని వేసినవారే ఒక విధంగా ఒప్పుకొన్నారు. 2016లో వచ్చిన అల్ట్రా హెచ్‌డీ బ్లూ రే డిస్కులకు మండల సంకేతమే పెట్టలేదు. అందువలన ఆకాశం విరిగి పడలేదు. హక్కుదారుల పొలాలు ఎవరూ దున్నుకొని పోలేదు. కాని దానివలన పాత సమస్య తీరినదని భావించరాదు. అల్ట్రా హెచ్‌డీ ప్లేయరు అయినా, పాత బ్లూ రేలను, డీవీడీలను పెట్టినప్పుడు వాటి తాళాలను పాటిస్తూనే ఉంటుంది. ఒకే పెట్టెలో అమ్మే రెండు డిస్కులలో అల్ట్రా హెచ్‌డీ ఆడి, దానితో జతగా వచ్చిన బ్లూ రే ఆడకపోవుట కద్దు. పాతికేండ్లపాటు తాళాలతో అచ్చయిన డిస్కుల సంపద అంతా అట్లే ఉన్నది. చలనచిత్ర చరిత్రలో అధికభాగం ఆ సంపదలోనే ఉన్నది.

కనుక సంగ్రాహకుడు తన అలమరను, తన కోరికల పట్టికను ఎదుట పెట్టుకొని నిర్ణయించుకోవాలి. అలమర నిండా స్వదేశపు డిస్కులే ఉండి, పట్టికలో సైతం అవే ఉంటే ఈ ఖర్చు దండుగ. పట్టికలో రాయ్, ఘటక్‌ల పునరుద్ధరించిన ప్రతులు, విదేశాల పాత ఉత్తమ చిత్రాలు ఉంటే ఈ యంత్రం లేకుండా ఆ పట్టిక వట్టి కాగితమే. అవసరం మనిషిని బట్టి మారుతుంది. హక్కు మాత్రం మారదు. అవసరం లేనివాడు సైతం ఆ హక్కు తనదేనని గుర్తించుట మంచిది. వెల పుచ్చుకొన్న తరువాత కూడ చూచేచోటును అమ్మకందారే శాసిస్తే, జరిగినది అమ్మకం కాదు. గడువు చెప్పని అద్దె. చిత్రాన్ని నిర్మించినవానికి ప్రతిఫలం దక్కాలి. అది వెలతో దక్కినది. ఆ పైన చిత్రం కొన్నవానిది. అతడు దానిని ఏ ఊరిలో కూర్చుండి చూస్తాడనేది అతని యిష్టం.